స్టూలు మీద టోపీ

మా బస్సులో ఒక చట్టం ఉంది. దాన్ని ఏ శాసనసభా చేయలేదు, ఏ కోర్టూ కొట్టేయలేదు. కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడిదే సీటు. ఆ మనిషి కింద టీ తాగుతూ ఉండవచ్చు, బీడీ కాలుస్తూ ఉండవచ్చు, ఇంకా ఇంటి దగ్గర అన్నం తింటూ తువ్వాలు మాత్రం ఎవరిచేతో పంపించి ఉండవచ్చు. సీటు మాత్రం నిండినట్టే. టిక్కెట్టు కోసం నాతో కలబడ్డవాళ్లున్నారు, చిల్లర కోసం చొక్కా పట్టుకున్నవాళ్లున్నారు. కానీ తువ్వాలు తీసి పక్కన పడేసి కూర్చున్న మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు. నేనూ ఎన్నడూ తీయలేదు. కండక్టర్ లక్ష్మునాయుడికి ఈ రూట్లో ఉన్న మంచిపేరంతా దానివల్ల వచ్చిందే.

ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, మా సింగన్నవలస ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ల విభాగం యావత్తూ ఇప్పుడు ఈ చట్టం ప్రకారమే నడుస్తోంది.

పూర్వం మా ఆసుపత్రిలో ఆపరేషన్ టేబులు ఒక్కటే ఉండేది. మత్తు డాక్టరు గారు మత్తిచ్చేవారు, పాత్రో డాక్టరు గారు కోసేవారు, ఎస్తేరు సిస్టరు పక్కన నిలబడి కత్తులూ కత్తెరలూ అందించేది. అంత వెనకబడిన స్థితిలో కూడా రోజూ ఇద్దరు ముగ్గురికి ఆపరేషన్లు జరిగిపోతుండేవి. అది చూసి ప్రభుత్వానికి మనసు ఆగలేదు. ఒక్క టేబులు మీదే ఇన్ని జరుగుతుంటే ఇరవై వేస్తే ఎన్ని జరుగుతాయో అని గుణించి, పెద్ద భవనం కట్టించింది. గోడలకు ఆకుపచ్చ పలకలు, పైన నీడ పడనివ్వని దీపాలు, మనిషి దగ్గరికొస్తే వాటంతటవే తెరుచుకునే తలుపులు. ప్రతి టేబులు పక్కనా నర్సు కోసం గుండ్రటి స్టీలు స్టూలు కూడా వచ్చింది. నర్సులు రాలేదు. ఉన్న ఒక్క ఎస్తేరు సిస్టరునూ నర్సుల కొరత మీద అధ్యయనం చేసే కమిటీకి సాయంగా రాజధానికి పంపించేశారు.

ప్రారంభోత్సవానికి జాయింట్ డైరెక్టరు గారు వస్తున్నారని కబురు వచ్చిన రోజున సూపరింటెండెంటు చిదంబరరావు గారు మా బస్సులోనే పట్నం నుంచి వస్తున్నారు. బస్సు కిక్కిరిసి ఉంది. ఆయన నిలబడి ఉన్నారు. ఆయన ముందున్న సీట్లో గళ్ల తువ్వాలు ఒకటి హాయిగా కూర్చుని ఉంది. ఆయన చదువుకున్న మనిషి. రెండు స్టాపులు దాటేవరకూ ఆ తువ్వాలునే చూశారు. తర్వాత చుట్టూ నిలబడ్డ జనాన్ని చూశారు. ఆ తర్వాత ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. నేను ఆయనకేమీ చెప్పలేదు. అంతా ఆయనే కనిపెట్టారు.

ఆసుపత్రి స్టోర్సులో పాతకాలపు నర్సు టోపీలు ఒక పెట్టెడు పడి ఉన్నాయి. ఇప్పుడు నర్సులెవరూ టోపీలు పెట్టుకోవడం లేదు కదా. చిదంబరరావు గారు వాటికి గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, స్టూలుకొకటి చొప్పున పెట్టించారు.

ప్రారంభోత్సవం నాడు నేనక్కడే ఉన్నాను. మా ఆవిడ పైడమ్మకు కడుపులో కుడివైపు పోటు వస్తోందని చూపించడానికి తీసుకెళ్లాను. జాయింట్ డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించి లోపలికి వెళ్లారు. వెనక మేమందరం తొంగి చూశాం.

"సిబ్బంది ఏరీ?" అన్నారాయన.

"ఉన్నారు సార్. స్థానాలు ఆక్రమించే ఉన్నారు," అని చిదంబరరావు గారు స్టూళ్లు చూపించారు.

జాయింట్ డైరెక్టరు గారు కూడా ఈ జిల్లా బస్సుల్లో తిరిగి పెద్దవారైనవారే. ఒక్కొక్క టోపీనీ చూసి గౌరవంగా తలూపుతూ చివరిదాకా నడిచారు. తర్వాత మైకు దగ్గర ఇలా అన్నారు: "మానవ వనరుల భౌతిక ఉనికికీ పరిపాలనాపరమైన ఉనికికీ మధ్య ఇన్నాళ్లుగా ఉన్న అనవసరమైన అంతరాన్ని ఈ సంస్థ సమర్థవంతంగా తొలగించింది. నర్సుల కొరత అనే మాటకు ఈ క్షణం నుంచి ఈ ప్రాంగణంలో తావు లేదు."

చప్పట్లు కొట్టాం. పైడమ్మ కొట్టలేదు. ఆవిడ చెయ్యి కడుపు మీద ఉంది.

పాత్రో డాక్టరు గారు కడుపు స్కానింగు తీయించి చూశారు. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. తీసేస్తే బాగుంటుందన్నారు.

"అయితే తీసేయండి బాబూ," అంది పైడమ్మ. "ఇన్ని బల్లలున్నాయి గదా. కిటికీ పక్కది ఇప్పించండి, గాలొస్తాది."

డాక్టరు గారు నేల చూశారు. "నర్సు కావాలమ్మా. నేను కోస్తూ ఉంటే పక్కన ఒక మనిషి ఉండాలి."

"ఉన్నారన్నారు గదా, పెద్దాయన?"

"టోపీలు ఉన్నాయమ్మా."

"ఆ టోపీలు తీసేసి మనిసిని పెట్టలేరేటి?"

పాత్రో గారు మంచివారు, కానీ గెజిటెడ్ ఆఫీసరు. టోపీ తీయడమంటే ఒక పోస్టును తీసేయడంతో సమానమనీ, దానికి ప్రభుత్వం నుంచి ఉత్తర్వు రావాలనీ చెప్పారు. అలా చెబుతున్నప్పుడు ఆయన గొంతు బాగా తగ్గింది. మత్తు డాక్టరు గారు మాత్రం ఉన్నారు. రోజూ టైముకు వచ్చి, పేపరు ఆసాంతం చదివి, ఎవరికీ మత్తివ్వకుండానే తానే కాస్త కునుకు తీసి వెళ్తున్నారు.

నర్సులు దొరకలేదా అంటే దొరక్కేం, బయట వరండాలోనే ఉన్నారు. ప్రతి సోమవారం నర్సింగు చదివిన ఆడపిల్లలు సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని వచ్చేవారు. వాళ్లలో సుగుణ అనే అమ్మాయి నా బస్సులోనే వస్తుంది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేసి, అది మూతపడితే ఇప్పుడు చీరల కొట్లో మడతలు పెడుతోంది. ఆ అమ్మాయికి చిదంబరరావు గారు సమాధానం చెబుతుండగా ఒకసారి విన్నాను.

"అమ్మా, ఖాళీ ఉంటేనే కదా నియామకం? లోపలికి వచ్చి చూడు. ఒక్క స్టూలైనా ఖాళీగా ఉందా?"

"స్టూలు మీద టోపీ ఉంది సార్. మనిషి లేదు."

"మనిషి వస్తుంది. అందుకే టోపీ పెట్టాం."

"ఎవరొస్తారు సార్?"

"నియామకం అయినవాళ్లు."

"నియామకం ఎప్పుడు సార్?"

"ఖాళీ ఏర్పడగానే," అన్నారాయన ఎంతో ఓపికగా. సుగుణ ఆ సమాధానాన్ని చీర మడతపెట్టినట్టు నాలుగు వైపులనుంచీ మడిచి చూసింది. ఎక్కడా అంచు దొరక్క వెళ్లిపోయింది.

టోపీల హోదా మాత్రం రోజురోజుకీ పెరిగింది. వాటికి హాజరు వేయడం మొదలుపెట్టారు. రాత్రి డ్యూటీకి వేరే టోపీలు పెట్టారు. ఉతుక్కి వెళ్లినవాటికి సెలవు రాశారు. టోపీల మీద దుమ్ము దులపడానికి ఒకాయన్ను వేస్తే, ఆయన రాని రోజుల్లో ఆయన కుర్చీ మీద దులిపే బ్రష్షు పెట్టారు. పంద్రాగస్టున ఏడో నంబరు టేబులు టోపీకి ఉత్తమ సేవా పురస్కారం ఇచ్చారు. ఎన్నడూ ఎవర్నీ విసుక్కోలేదని, ఒక్క రోగి కూడా దాని మీద ఫిర్యాదు చేయలేదని యోగ్యతాపత్రంలో చదివారు. ఆ మాట అబద్ధమని ఎవరూ అనలేరు.

ఇదంతా చూస్తున్న రోగులు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటారా? మా వైపువాళ్లకు సీటు ఆపుకోవడం ఒకరు నేర్పాలా? హెర్నియా ఉన్న ఒకతను ముందుగా వచ్చి నాలుగో టేబులు మీద తన తువ్వాలు పడేసి వెళ్లాడు. మర్నాటికల్లా అన్ని టేబుళ్లూ నిండిపోయాయి. నేను పరుగెత్తుకెళ్లి ఏడో టేబులు మీద నా తువ్వాలు వేసి, పైడమ్మ పేరు చెప్పి వచ్చాను. ఉత్తమ సేవా పురస్కారం వచ్చిన టోపీ పక్కన చోటు దొరికిందని ఆ వేళ నాకు గర్వంగా కూడా ఉంది.

"ఏటయ్యా, నొప్పి నాది, బల్ల మీద పడుకునీది నీ తువ్వాలా?" అంది పైడమ్మ.

"సీటు దొరికింది గదే. ఇంక నువ్వు ఎక్కడమే."

"బండి కదిలినప్పుడు సెప్పు."

చిదంబరరావు గారు ఒక ఉదయం ఇరవై టేబుళ్ల మీదా తువ్వాళ్లు, ఇరవై స్టూళ్ల మీదా టోపీలు చూసి పొంగిపోయారట. రోగులు స్థానాల్లో ఉన్నారు, నర్సులు స్థానాల్లో ఉన్నారు. ఇంక ఆపరేషన్లు జరగలేదని ఏ ముఖం పెట్టుకుని అంటాం? సామర్థ్యం నూటికి నూరుపాళ్లు వినియోగంలో ఉందని పైకి రాశారు. పైనుంచి అభినందనలతోపాటు ఒక ఆదేశం వచ్చింది. శస్త్రచికిత్స పొందినవారిని అనవసరంగా ఆసుపత్రిలో ఉంచరాదు, వెంటనే డిశ్చార్జి చేయవలెను.

మరుసటి వారం నన్ను పిలిచారు. కౌంటరు దగ్గర నా తువ్వాలు తిరిగి ఇచ్చారు. శుభ్రంగా ఉతికి, మడతపెట్టి ఉంది. మధ్యలో చిన్న ప్లాస్టరు అంటించి ఉంది.

"మీ పేషెంటుకు ఆపరేషన్ విజయవంతమైంది. రాళ్లేమీ కనబడలేదు," అన్నాడు కౌంటరులో ఉన్నాయన. "నూనె వస్తువులు తగ్గించండి."

"ఆపరేషన్ ఎవరికి అయింది సార్?"

"పైడమ్మకు."

"పైడమ్మ మా ఇంట్లో మంచం మీద ఉంది."

"ఉండాలి మరి. బరువులు ఎత్తకూడదు."

ఇంటికొచ్చి చెబితే పైడమ్మ నవ్వింది. నవ్వితే పోటు ఎక్కువైంది, ఏడ్చింది. ఇన్నాళ్లూ దీన్నంతా నేనొక తమాషాగా బస్సులో నలుగురికీ చెప్పి నవ్విస్తూ వచ్చాను. ఆవిడ కళ్లు పచ్చబడి ఉండటం ఆ వేళే చూశాను. ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

పాత్రో గారు కడుపు మీద చెయ్యి వేసి చూశారు. "ఈ పూటే చెయ్యాలి నాయుడూ. చీము పట్టింది. పట్నం దాకా తీసుకెళ్తే దారిలో పగిలిపోవచ్చు," అన్నారు.

"అయితే చెయ్యండి బాబూ!"

"చేస్తాను. నర్సు లేకుండా ఎలా?" అని, చిదంబరరావు గారికి కబురు పంపారు.

చిదంబరరావు గారు వచ్చారు. ఆయన కంగారు పడ్డారన్నది నిజం. కంగారులోనూ ఆయనకు నియమాలే గుర్తుకొచ్చాయి. "ఈమెకు ఆపరేషన్ అయిపోయింది కదయ్యా? ఒకే రోగికి ఒకే అవయవాన్ని రెండుసార్లు తీసినట్టు చూపిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పైగా ఏడో టేబులు ఖాళీ అయిందే గాని, దాని స్టూలు ఖాళీ లేదు. నన్నేం చెయ్యమంటావు?"

ఆ రోజు సోమవారం కావడం మా అదృష్టం. వరండాలో సుగుణ సంచి పట్టుకుని నిలబడి ఉంది. మా మాటలు విని దగ్గరికొచ్చింది.

"నేను చేస్తాను సార్. జీతం వద్దు. ఈ ఒక్కదానికీ నిలబడతాను," అంది.

"నిలబడటానికి ఎవరు కాదన్నారమ్మా? ఖాళీ లేదంటున్నాను," అన్నారు చిదంబరరావు గారు, ఇంచుమించు ఏడుపు గొంతుతో.

మాటల్లోనే స్ట్రెచరుతో సహా అందరం థియేటరులోకి వచ్చేశాం. డాక్టరు ఉన్నాడు. మత్తు డాక్టరు పేపరు మడిచి లేచి నిలబడ్డాడు. నర్సు ఉంది. రోగి ఉంది. మా అందరికీ మధ్య, ఏడో నంబరు స్టూలు మీద, గంజి పెట్టిన టోపీ ఉంది. ఇంతమందిమీ నిలబడి దానివైపే చూస్తున్నాం. ఇంతవరకూ నా బస్సులో ఎన్నిసార్లు చూశానో ఈ దృశ్యం. పిల్లనెత్తుకున్న తల్లి రాడ్డు పట్టుకుని వేలాడుతూ ఉంటుంది, పక్కన సీట్లో తువ్వాలు పడుకుని ఉంటుంది. నేను టిక్కెట్లు కొట్టుకుంటూ ముందుకు వెళ్లిపోయేవాణ్ణి.

స్ట్రెచరు మీంచి పైడమ్మ నన్ను చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ముందుకెళ్లి టోపీ తీశాను.

పైకప్పు కూలలేదు. దీపాలు ఆరిపోలేదు. కింద గుండ్రటి స్టీలు స్టూలు మెరుస్తూ కనబడింది, అంతే. టోపీని ఏం చెయ్యాలో తెలియక సుగుణ చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి తెలివైంది. తల మీద పెట్టుకుని పిన్ను గుచ్చుకుంది.

చిదంబరరావు గారు గుండె పట్టుకున్నారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని స్టూలు వైపు చూశారు, సుగుణ వైపు చూశారు, మళ్లీ స్టూలు వైపు చూశారు. ఆయన ముఖంలో బస్సులో కనబడిన వెలుగే మళ్లీ కనబడింది.

"టోపీ ఏడో టేబులు దగ్గరే ఉంది కదా?"

"ఉంది సార్," అన్నారు పాత్రో గారు, అప్పటికే చేతులు కడుక్కుంటూ. "కాస్త ఎత్తు పెరిగింది, అంతే."

"ఎత్తు గురించి నియమాల్లో ఏమీ లేదు," అని చిదంబరరావు గారు బయటికి వచ్చేశారు.

తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ప్లాస్టరు అంటించిన తువ్వాలును నలుపుతూ నేను వరండాలో కూర్చున్నాను. పైడమ్మ లేకపోతే ఆ ఇంట్లోకి అడుగు ఎలా పెడతానన్న ఒక్క ఆలోచనే తిరిగి తిరిగి వచ్చింది. చాలాసేపటికి సుగుణ బయటికి వచ్చి చిన్న సీసా చూపించింది. అందులో శనగగింజల్లాంటి రాళ్లు.

"పిన్నికి బాగానే ఉంది బాబాయ్. మత్తులో కూడా మిమ్మల్నే తిడుతోంది," అంది.

నేను ఏడ్చాను. సిగ్గేం లేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అది ప్రభుత్వాసుపత్రి. సాయంత్రం తనిఖీలో ఏడో స్టూలు ఖాళీగా కనబడింది. ఆసుపత్రి చరిత్రలో మొట్టమొదటి ఖాళీ. హుటాహుటిన అత్యవసర సమావేశం పెట్టి, ఖాళీని నింపాలని తీర్మానించి, కొత్త టోపీ తెప్పించి నింపేశారు. సుగుణ తల మీద టోపీని స్టోర్సుకు జమ చేయించుకుని, ఆ అమ్మాయిని మళ్లీ చీరల కొట్టుకు పంపించేశారు.

కానీ కబురు ఆగుతుందా? నా బస్సెక్కే వాళ్లందరూ టిక్కెట్టు అడగడం మానేసి చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. "నాయుడూ, టోపీ తీసినోడివి నువ్వేనట గదా. మా అన్నయ్యకి అపెండిసు. ఒక్కపాలి వచ్చి తీసీ బాబూ." వాళ్లకూ చేతులున్నాయి. టోపీ బరువేమీ లేదు. అయినా ఎవరికి వారికి భయం. నేను డ్యూటీ లేని రోజుల్లో వెళ్లి తీసి వచ్చేవాణ్ణి. సుగుణా, వాళ్ల స్నేహితురాళ్లూ తల మీద పెట్టుకునేవారు. పాత్రో గారు కోసేవారు. సాయంత్రానికి ఆసుపత్రి కొత్త టోపీలు కొనేది.

టోపీల ఖర్చు పెరిగేసరికి జాయింట్ డైరెక్టరు గారే మళ్లీ వచ్చారు. జరిగినదంతా విన్నారు. అందరం ఆయన నోటివైపు చూశాం, ఇప్పుడైనా నర్సులను వేస్తారేమోనని.

"ఒక ప్రైవేటు వ్యక్తి సౌకర్యం మీద ప్రజారోగ్యం ఆధారపడటం వాంఛనీయం కాదు," అన్నారాయన గంభీరంగా. "ఈ ప్రక్రియను సంస్థాగతం చేయవలసి ఉంది. శిరోవస్త్ర తొలగింపు సహాయకుడు అనే శాశ్వత పోస్టును ఇందుమూలంగా మంజూరు చేస్తున్నాం. ఇకపై సదరు సహాయకుడు తప్ప ఇతరులెవ్వరూ టోపీలను తాకరాదు."

పైడమ్మను చూపించడానికి మళ్లీ తీసుకెళ్లినప్పుడు థియేటరు వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. ఒక పక్క రోగులు, ఒక పక్క సర్టిఫికెట్లతో సుగుణా మిగతా పిల్లలూ. పాత్రో గారు చేతి తొడుగులు వేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు కొత్త కుర్చీ, గోడకు ఆ పొడుగాటి పేరుతో కొత్త బోర్డు. అందరూ కుర్చీవైపే చూస్తున్నారు.

"ఏటి, మనిసి రాలేదా?" అంది పైడమ్మ.

"వచ్చారమ్మా. నియామకం పూర్తయింది," అన్నారు చిదంబరరావు గారు తృప్తిగా.

కుర్చీలో మడతపెట్టిన తెల్ల తువ్వాలు ఉంది.

నేను ఆగిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అన్ని టోపీలు తీసినవాణ్ణి, ఆ తువ్వాలు దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ నా చెయ్యి వెనక్కి పోయింది. పైడమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నిదానంగా నడిచివెళ్లి ఆ తువ్వాలు తీసింది, దాంతోనే కుర్చీ తుడిచింది, కుట్లు పడ్డ చోట చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"ఏటలా సూస్తారు?" అంది పాత్రో గారితో. "బండి కదపండి బాబూ. ముందెవులు?"